కడగని బ్రష్

మా ఇంట్లో సాయంత్రం నాలుగయ్యేసరికి రెండు ప్లాస్టిక్ గిన్నెలు పెరట్లో కుళాయి పక్కకి చేరతాయి. ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు, చంటిపిల్లల షాంపూ రెండు చుక్కలు. రెండోదాంట్లో ఉత్త నీళ్లు. పక్కన పీట మీద నేను పెళ్లికూతుళ్లకి వాడే మేకప్ బ్రష్‌లు, పెద్దవీ చిన్నవీ కలిపి పద్దెనిమిది. వాటిని కడిగేది మా అక్క. నేను సాయం చేస్తానంటే నీళ్లు పట్టి ఇమ్మంటుంది, అంతే. బ్రష్‌ల మీద చెయ్యి వెయ్యనివ్వదు.

తెనాలిలో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మేకప్ చేయించుకునేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ కంపెనీవి వాడతారు, తాళి కట్టేదాకా నిలుస్తుందా, ఫొటోల్లో తెల్లగా పడతానా. ఈ బ్రష్ ఎప్పుడు కడిగారండీ అని అడిగినవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. హోటల్లో గ్లాసు వాసన చూసి గాని నీళ్లు తాగని మనిషి కూడా, నిన్న ఎవరి ముఖం మీద తిరిగిందో తెలియని బ్రష్ కంటి మీదికొస్తుంటే కిమ్మనకుండా కళ్లు మూసుకుంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మంట వాళ్ల మీద కాదని నాకు తెలుసు.

నేను పని నేర్చుకుంది రేపల్లెలో. పెళ్లయిన కొత్తలో రోజూ పొద్దున్నే తెనాలిలో ప్యాసింజర్ ఎక్కేదాన్ని. వేమూరు దాటాక గాని కూర్చోడానికి చోటు దొరికేది కాదు. రేపల్లెలో ఒకావిడ ఇంటి ముందుగదిలో పార్లర్ నడిపేది. మేమంతా ఆంటీ అనేవాళ్లం. ముఖాలకి రంగులు అద్దుదామని ఉబలాటపడి వెళ్తే, మొదటి నెలంతా ఆవిడ నా చేత బ్రష్‌లే కడిగించింది.

“తలకిందులుగా పట్టుకో అమ్మాయ్. నీళ్లు ఆ రేకు పట్టీలోకి పోయాయంటే జిగురు వదిలి వెంట్రుకలు ఊడిపోతాయి” అనేది. అరచేతిలో మెల్లగా గుండ్రంగా తిప్పాలి, అంట్లు తోమినట్టు తోమకూడదు. నీళ్లు తేటగా వచ్చేదాకా నీళ్లు మారుస్తూ ఉండాలి. పిండేశాక నిలబెట్టకూడదు, తువ్వాలు మడత మీద వాల్చి, కుచ్చు భాగం గాలికి వదిలి, నీడలో ఆరబెట్టాలి. పౌడర్ బ్రష్ వారానికోసారైనా పర్వాలేదు గాని, కంటి బ్రష్, పెదవుల బ్రష్ మనిషికీ మనిషికీ మధ్య కడగాల్సిందే. “ఆరకపోతే ఇంకోటి తియ్యి. ఇంకోటి లేకపోతే చెయ్యి కడుక్కుని వేలితో రాయి” అనేది. పెళ్లి నుంచి ఇంటికి రాగానే బ్రష్‌లు కడిగి ఆరేశాకే అన్నం తినేది ఆవిడ. నన్నూ అలాగే చెయ్యమంది. నేను తలూపాను. చిన్నప్పట్నుంచీ తలూపడంలో నాకు మంచి పేరుంది.

ఇక మా అక్క గురించి చెప్పాలి. అక్క నాకన్నా ఐదేళ్లు పెద్దది. రవికల మీద మగ్గం వర్క్ చేసేది. కర్ర చట్రానికి గుడ్డని బిగించి, కొక్కెం సూదితో పూసలూ జరీ కుట్టే పని. అక్కకి దూరపు చూపు ఆనదు. సీసా అడుగంత మందంగా ఉండే కళ్లద్దాలు పెట్టుకునేది. దగ్గరి చూపు మాత్రం డేగ చూపు. మగ్గం ముందు కూర్చోగానే కళ్లద్దాలు నెత్తి మీదికి తోసేసి, ముక్కు గుడ్డకి తగిలేంతగా వంగి కుట్టేది. ఆవగింజలో సగం ఉండే పూసని కూడా ఒక్క పోటుకి అందుకునేది. తెనాలిలో పెద్ద పెద్ద బట్టల కొట్లవాళ్లు తమ పెళ్లి రవికలు అక్క చేతే కుట్టించేవాళ్లు.

అక్కకి పెళ్లి కాలేదు. మొదట్లో తను వద్దంది, తర్వాత వచ్చినవాళ్లు వద్దన్నారు. మధ్యలో నేను, ఇరవై రెండేళ్లకే నాకు నచ్చినవాణ్ణి చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాను. పెద్దపిల్ల ఉండగా చిన్నదానికి చేశారంటే పెద్దదాంట్లో ఏదో లోపం ఉందనుకుంటారని అమ్మ ఏడ్చింది. నా పెళ్లి చీర మీదికి రవిక కుట్టింది అక్కే. అమ్మ పోయాక అక్క అమ్మ ఇంట్లోనే ఒక్కతే ఉండేది, మా వీధికి రెండు వీధుల అవతల. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, “నాకు మగ్గం ఉందిగా, అది నోరెత్తదు, అన్నం పెడుతుంది” అని నవ్వేసేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం నా మూలంగానే ఇది ఇలా ఉండిపోయిందని ఉండేది.

మా వైపు పెళ్లిళ్లలో ఒక అలవాటుంది. పెళ్లికూతురికి నలుగు పెట్టగా మిగిలిన పిండిని పెళ్లికాని ఆడపిల్లల బుగ్గలకి రాస్తారు. ఆ కళ వీళ్లకీ అంటుకుని ఏడాది తిరిగేలోగా పెళ్లవుతుందని. నలుగులు తగ్గి మేకప్‌లు వచ్చాక ఆ నమ్మకం వచ్చి నా బ్రష్‌ల మీద పడింది. పెళ్లికూతురి గదిలో పని పూర్తికాగానే ఎవరో ఒక అత్త కూతుర్ని ముందుకి తోసి, “ఆ బ్రష్‌తోనే దీనికీ ఓ చెయ్యి వెయ్యమ్మా, కడక్కు సుమా” అనేది. కడిగితే కళ పోతుందట. ఆంటీ ఇలాంటివాళ్లని నవ్వుతూనే తప్పించేది. గుప్పిట్లో శుభ్రమైన బ్రష్ దాచుకుని, ఇదే ఆ బ్రష్ అని నమ్మించి రాసేది. నేనూ అదే చేసేదాన్ని, ఆ ఒక్క రోజు తప్ప.

బాపట్లలో మా పిన్ని కూతురి పెళ్లి. మేకప్ నాదే, రవిక అక్కదే. ఆ రవిక చేతుల మీద అక్క వరి కంకులు కుట్టింది, గింజ బరువుకి వంగిన కంకులు. పెళ్లికి నెల ముందు పిన్ని నాకు రహస్యంగా ఫోన్ చేసి, ఒక సంబంధం ఉందని చెప్పింది. బాపట్లలోనే ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడట. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. పెళ్లిచూపులంటే అక్క ఒప్పుకోదు కాబట్టి, పెళ్లికి వచ్చి మామూలుగా చూసిపోతారట. నేను ఎగిరి గంతేశాను. అక్క వెంటపడి, పోరి పోరి, కళ్లద్దాలు తీయించి కంట్లో పెట్టుకునే లెన్సులు కొనిపించాను. “ఇదంతా దేనికే?” అంటే, “ఫొటోల కోసం” అన్నాను.

ముందు రోజు పెళ్లికూతుర్ని చేశారు. కనురెప్పల మీద బంగారు రంగు పొడి బాగా మెరవాలంటే బ్రష్‌ని కాస్త తడిపి అద్దాలి. అలాగే అద్దాను. తర్వాత చుట్టాల్లో పడి, కబుర్లలో పడి, ఆ తడి బ్రష్‌ని అలాగే జిప్పు సంచిలో వేసి మూసేశాను. మర్నాడు పొద్దున్న పెళ్లికూతురు, మా పిన్నికూతురు చెల్లి, ముఖం కడుక్కుని కూర్చుని, “కళ్లు దురదగా ఉన్నాయి చిన్నక్కా” అంది. నిద్ర చాలక అన్నాను. అదే బ్రష్ మళ్లీ తడిపి, అదే రంగు అద్దాను. ఒక్కరే మనిషి కదా, దాని బ్రష్ దానికే కదా అనుకున్నాను.

దాని అలంకారం పూర్తయ్యాక అక్కని కూర్చోబెట్టాను. గదిలో పెద్దమ్మలూ అత్తలూ ఓ ఐదారుగురు ఉన్నారు. గౌరీపూజకి పళ్లెం సర్దుకుంటున్న పిన్ని వెనక్కి తిరిగి, “ఆ బ్రష్‌తోనే పెట్టవే, కడక్కు. ఈ యేడు దీని పెళ్లి కూడా చూసేద్దాం” అని నవ్వుతూ పళ్లెం పట్టుకుని వెళ్లిపోయింది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, “నలుగుపిండి అయిపోయి ఇప్పుడు బ్రష్‌లకొచ్చారా?” అంది.

సంచిలో కడిగి ఆరబెట్టిన కంటి బ్రష్‌లు ఇంకో రెండున్నాయి. అక్క చూడకుండా వాటిని పక్కకి తోశాను. ఎవరో బలవంతపెడితే కాదు, నాకే కావాలనిపించింది. ఆ కళ ఏదో నిజంగా ఉంటే, అందులో రవ్వంతైనా మా అక్కకి అంటాలనిపించింది. చదువుకున్నదాన్ని, పని తెలిసినదాన్ని, చేతిలో తడి బ్రష్ పట్టుకుని లోపల దణ్ణం పెట్టుకున్నాను.

అక్క తలెత్తి అడిగింది. “కడిగావా?”

“కడిగానక్కా. ఇందాకే” అన్నాను.

నా చేతిలో బ్రష్ వంక ఒక్క క్షణం చూసి, అక్క కళ్లు మూసుకుంది.

ఆ రోజు మా అక్క ఎంత బాగుందో నేను చెప్పలేను. భోజనాల దగ్గర ఆ లెక్కలు చెప్పేఆయన కావాలనే అక్క పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేను సాంబారు బకెట్టు పక్కన నిలబడి చెవులు రిక్కించి విన్నాను. “పెళ్లికూతురి రవిక మీరు కుట్టిందేనటగా. కంకులు వంగిన తీరు భలే ఉందండి” అన్నాడు. అక్క ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. పరాయి మగాడితో అక్క అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. బ్రష్ అప్పుడే పనిచేసిందనుకున్నాను. ఆ సంతోషంలో రెండుసార్లు పెరుగన్నం తిన్నాను.

సాయంత్రం బాపట్ల నుంచి రైల్లో వస్తుంటే కంట్లో ఇసుక పడ్డట్టుందని అక్క ఎడమ కన్ను నులుముకుంది. ఇంటికెళ్లాక లెన్సు తీద్దువుగాని, ఈ దుమ్ములో వద్దన్నాను. మర్నాడు పొద్దున్నకి కన్ను చింతనిప్పులా ఉంది. బాపట్లకి ఫోన్ చేస్తే పెళ్లికూతురికి కూడా కళ్లు ఎర్రబడ్డాయన్నారు. అయితే కళ్లకలకేలే అనుకున్నాం. మందుల షాపులో చుక్కలు తెచ్చి వేశాను. పెళ్లికూతురికి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అక్కకి మూడో రోజున నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించింది. అప్పుడు గుంటూరు పరిగెత్తాం.

నల్లగుడ్డు మీద పుండు పడిందని, ఇంకాస్త ముందు రావాల్సిందని కంటి డాక్టరుగారు అన్నారు. ఎవరి మేకప్ సామాన్లు వాడారని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అక్కే చెప్పింది. “మా చెల్లివేనండి. కడిగే వాడింది.”

నేను పక్కనే ఉన్నాను. కడగలేదండీ అని ఒక్క ముక్క చెప్పలేకపోయాను. బ్రష్ వల్ల అయ్యుండొచ్చు, లెన్సు వల్ల అయ్యుండొచ్చు, రెండూ కలిసి అయ్యుండొచ్చు, ఇదే అని చెప్పలేనమ్మా అన్నారాయన. ఆ మాట చాటున ఇన్నేళ్లు దాక్కున్నాను.

ఐదో రోజున ఆసుపత్రి వరండాలో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. బాపట్లలో లెక్కలు చెప్పేఆయన అక్కగారు. “మా తమ్ముడికి మీ అక్కగారు బాగా నచ్చారండి. ఓసారి ఇంటికి తీసుకురండి, మాట్లాడుకుందాం” అంది. కంటికి కొంచెం బాగోలేదండీ, గుంటూరులో ఉన్నామన్నాను. ఆవిడ నొచ్చుకుంది, ఏ ఆసుపత్రి అని కూడా అడిగింది. తగ్గాక మాట్లాడుకుందామండి అంది. మళ్లీ ఫోన్ రాలేదు. చాలాకాలం వాళ్లని తిట్టుకున్నాను. తిట్టాల్సింది వాళ్లని కాదు.

అక్క ఎడమ కంటికి చూపు పోయింది. వెలుతురూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. ఒకసారి పై పొర మార్చి చూశారు, నిలవలేదు. ఒక్క కన్ను చాలదా, ఎంతమంది బతకడం లేదు అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్లు. ఒక్క కంటితో ఏది ఎంత దూరంలో ఉందో తెలియదు. మగ్గం ముందు కూర్చుంటే, సూది పూస దాకా వెళ్లి పక్కన దిగేది. మళ్లీ ఎత్తి దింపితే మళ్లీ పక్కనే. అలవాటవుతుందిలే అని ఆర్నెల్లు కుస్తీ పట్టింది. ఒకరోజు నేను వెళ్లేసరికి చట్రం విప్పేసి, కర్రలు తలుపు వెనక నిలబెట్టి ఉన్నాయి. ఏంటిది అన్నాను. “గదంతా అదే అయిపోయింది, నడవడానికి చోటు లేదు” అంది. ఆ వారమే అక్కని మా ఇంటికి తెచ్చేసుకున్నాను.

చుట్టాలంతా పిన్నిని అన్నారు. కడక్కు అన్నది ఆవిడే కదా. నవ్వులాటకి అన్నానే అని పిన్ని ఏడ్చింది. పాపం ఇప్పటికీ మా ఇంటికి వస్తే అక్క ఎదురుగా కూర్చోలేదు. పిన్నిది తప్పు కాదని నేను చెప్పలేదు. పిన్ని మాట కాదనలేక వాడిందనుకునేవాళ్లు కొందరు, అక్క చెప్పినట్టు కడిగే వాడిందనుకునేవాళ్లు కొందరు. రెండింట్లోనూ నేను మంచిదాన్నే.

పని మానేశాను. ఆ ఒక్క బ్రష్‌ని పారేసి, మిగతావి సంచిలోనే వదిలేశాను. ఆంటీ కబురు తెలిసి రేపల్లె నుంచి వచ్చింది. అక్కతో చాలాసేపు మాట్లాడింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నన్ను ఒక్కటే అడిగింది. “నీ దగ్గర ఇంకో బ్రష్ లేదా?” ఉందన్నాను. ఆవిడ వెళ్లి ఆటో ఎక్కింది. ఆ తర్వాత నాతో మాట్లాడింది తక్కువ.

అక్క మా ఇంటికి వచ్చిన నాలుగు నెలలకి, ఒక సాయంత్రం ఆ సంచి తీసి, బ్రష్‌లన్నీ పెరట్లో పోసి కడగడం మొదలుపెట్టింది. “బూజు పట్టిపోతాయే. పని చేసుకోకపోతే ఏం తింటాం?” అంది. ఎలా కడగాలో నేనే చెప్పాను, ఆంటీ నాకు చెప్పినట్టే. తలకిందులుగా పట్టుకో, గుండ్రంగా తిప్పు. అప్పట్నుంచీ ఆ పని అక్కది. ఆరాక ఒక్కో బ్రష్‌నీ మణికట్టు లోపలివైపు రాసి చూస్తుంది, తడి ఉంటే తెలుస్తుందని. నేను పెళ్లికి బయల్దేరుతుంటే కంటి బ్రష్‌లు వేరే డబ్బాలో లెక్కపెట్టి ఇస్తుంది. మనిషికొకటి. తిరిగి రాగానే అదే ప్రశ్న. “మధ్యలో ఏదైనా మళ్లీ వాడావా?” లేదంటాను. నిజంగానే లేదు. అయినా ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా నీళ్లు పట్టే నెపంతో కుళాయి వైపు తిరుగుతాను.

పోయిన నెల రేపల్లెలో పెళ్లి చేసి వచ్చాను. ఉక్కగా ఉంది, తల పగిలిపోతోంది. అక్క గిన్నెల ముందు కూర్చుని యథాప్రకారం అడిగింది. నాకేమైందో తెలియదు, అక్కడే మెట్టు మీద కూలబడి చెప్పేశాను.

“అక్కా, ఆ రోజు కడగలేదే. పిన్ని అందని కాదు. నేనే కావాలని కడగలేదు. నీకు అబద్ధం చెప్పాను.”

అక్క చేతిలో బ్రష్ ఆగలేదు. “తెలుసులేవే” అంది.

“ఎలా తెలుసు?”

“దాని చివర బంగారు రంగు కనపడుతూనే ఉందిగా. అప్పటికి నాకు రెండు కళ్లూ ఉన్నాయి.”

మెట్టు దిగి పక్కన కూర్చుని అడిగాను. “మరి కళ్లు ఎందుకు మూసుకున్నావే? కడిగావా అని నన్నెందుకు అడిగావు?”

అక్క బ్రష్ పిండింది, తువ్వాలు మడత మీద వాల్చింది, ఇంకోటి తీసుకుంది. నా వైపున్నది ఆ చూపులేని కన్ను. అందులో నాకేమీ తెలియలేదు.

“పెద్దమ్మా వాళ్లూ అందరూ చూస్తున్నారు. అడక్కపోతే పెళ్లి కోసం మొహం వాచి కూర్చుందనుకుంటారు. నువ్వు కడగలేదని నిజం చెప్తే, పోయి కడుక్కురా అనాలి నేను. కడిగానని అబద్ధం చెప్తే బాగుండు అనుకున్నాను. నువ్వు చెప్పావు.” బ్రష్‌ని నీళ్లలో తిప్పుతూ, నా వంక చూడకుండానే అంది. “నాకు మాత్రం ఆశ ఉండదా ఏంటే?”

ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే ఆశపడ్డాననుకున్నాను. అక్కకి అవన్నీ నవ్వులాట అనుకున్నాను. ఆ గదిలో కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి ముఖం నా అరచేతిలోనే ఉంది, గడ్డం పట్టుకుని పైకెత్తింది నేనే. నాకేమీ కనిపించలేదు. మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాను.

“కంకులు వంగిన తీరు బాగుందన్నాడు” అంది అక్క. నాతో అన్నట్టు లేదు. “వంగినట్టు కుట్టడమే కష్టం. ఎవరికీ తెలీదు అది.”

తర్వాత ముంజేత్తో నా భుజాన్ని తట్టి, రెండో గిన్నె నా వైపు జరిపింది.

“లే. నీళ్లు మార్చు. ఇంకా రంగు దిగుతోంది.”

లేచి నీళ్లు మార్చాను.